ఆట ఖర్చు ఎవరి పద్దు?



సంఘ పెద్దల కూటములలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. మన యౌవనస్థులు సాయంకాలము షటిల్ ఆడుచున్నారు గదా, దానికి ఏటికి ఎంత సొమ్ము వ్యయమగుచున్నది, ఆ వ్యయము తగునా తగదా, అని. అడుగువారిలో కొందరు నిజముగా తెలిసికొనగోరి అడుగుచున్నారు. మరికొందరు జవాబు ముందే సిద్ధము చేసికొని అడుగుచున్నారు. ఇరువురికిని నేను చెప్పునది ఒకటే: ముందు కూర్చుండి లెక్క వేయుదము. గోపురము కట్టదలచినవాడు పని మొదలుపెట్టక మునుపే ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. అది గోపురములు కట్టువారికి మాత్రమే చెందిన మాట కాదు గదా.

పట్టణములో బ్యాడ్మింటన్ అనునది మన పల్లెలలో షటిల్. నెట్టు మీదుగా కొట్టుదానిని మనవారు కాక్ అందురు. చేతిలోనిది బ్యాటు, దానికి దారము బిగించుట గట్టింగు. నేనును ఈ మాటలనే వాడుదును. ఎనుబది యేండ్లు దాటిన ఒక పెద్దాయన కూటములో లేచి, "కాక్ అంటే ఏంటయ్యా?" అని అడిగి, అది ఈకలతో చేసినదని తెలిసి, "అంటే కోడిపందేలే కదా!" అన్నారు. అది కోడిపందెము కాదు. కాని ఆయన నవ్వించిన తరువాతనే ఆనాటి చర్చ కొంత శాంతముగా సాగెను.

లెక్కకు వత్తము. మా ఊరిలో చర్చి ప్రక్కనున్న ఖాళీ స్థలమున రెండు సరుగుడు బాదులు పాతి, సున్నముతో గీతలు గీసి, ఎనిమిది మంది ఆడుచున్నారు. ఒక పర్యాయము నలుగురు. వానలు, కోతలు, పండుగలు, పెండ్లిండ్లు పోగా సంవత్సరములో 180 సాయంకాలములు ఆట జరుగుననుకొందము. బయటి గాలికి ఈకల కాక్ నిలువదు గనుక నైలాన్ కాక్ వాడుదురు. ఆరు కాక్‌ల డబ్బా రూ. 900 అనుకొనినయెడల ఒక్కొక్కటి రూ. 150 పడును. నలుగురి ఆటకు ఒకటి రెండు సాయంకాలములు వచ్చినను సంవత్సరమునకు 90 కాక్‌లు, అనగా రూ. 13,500. నలుగురు పంచుకొనగా తలకు రూ. 3,375. బ్యాటు రూ. 1,500 పెట్టి కొనినది రెండేండ్లు వచ్చిన ఏటికి రూ. 750. గట్టింగు రెండు మార్లు, మారుకు రూ. 400 చొప్పున రూ. 800. పిడికి చుట్టు గ్రిప్పులు నాలుగు, రూ. 200. బూట్లు రూ. 1,200. నెట్టు, దీపములు, కరెంటు కలిపి తలకు రూ. 300. మొత్తము రూ. 6,625.

ఇది పల్లె ఆట. బండి మీద పట్టణమునకు పోయి, పైకప్పు గల కోర్టులో, ఈకల కాక్‌తో ఆడువారు మన సంఘములలో ఇప్పుడు కొందరున్నారు. ఉపాధ్యాయులు, సచివాలయ ఉద్యోగులు, ఎరువుల దుకాణములవారు. వారి లెక్క వేరు. కోర్టు గంటకు రూ. 400 అనుకొనిన నలుగురిలో తలకు రూ. 100, 180 దినములకు రూ. 18,000. ఈకల కాక్‌లు సాయంకాలమునకు రెండే విరుగుననుకొని, ఒక్కొక్కటి రూ. 200 అనుకొనినను సంవత్సరమునకు 360 కాక్‌లు, రూ. 72,000. అందులో ఒకని వంతు మరల రూ. 18,000. బ్యాటు రూ. 4,000 పెట్టి రెండేండ్లకు కొనిన ఏటికి రూ. 2,000. గట్టింగు ఆరు మార్లు, రూ. 3,600. బూట్లు రూ. 3,500. పెట్రోలు దినమునకు రూ. 40 చొప్పున రూ. 7,200. మొత్తము రూ. 52,300. ధరలు ఊరూరికి మారును. ఈ వరుసలోనే మీ ఊరి ధరలు వేసి చూచుకొనుడి. అంకెలు కొంచెము అటునిటు మారినను ఈ రెండు ఆటల నడుమనున్న దూరము మారదు.

రూపాయలలో చెప్పిన అంకె ఒకరికి పెద్దదిగాను ఒకరికి చిన్నదిగాను కనబడును. అందుచేత మన సంఘములో ఎక్కువ మంది ఎరిగిన కొలతతో కొలుచుట మంచిది. 2025-26 సంవత్సరములో జాతీయ ఉపాధి హామీ పథకము క్రింద ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను నిర్ణయింపబడిన దినకూలి రూ. 307. ఆ కొలత ప్రకారము పల్లె ఆట సంవత్సరమునకు ఇంచుమించు 22 దినముల కూలి. పట్టణపు ఆట 170 దినముల కూలి. ఆ పథకము ఒక్కొక్క కుటుంబమునకు అప్పుడు హామీ ఇచ్చినది సంవత్సరమునకు 100 దినముల పని, అనగా రూ. 30,700. ఒకని పట్టణపు ఆట ఒక కుటుంబపు నూరు దినముల తట్టమోతను మించిపోవుచున్నది. ఆదివారమున ఈ ఇద్దరును ఒకే చాప మీద కూర్చుందురు.

ఇంత సొమ్ము ఎక్కడికి పోవుచున్నదని చూచినయెడల ఒక వింత కనబడును. ఇంటిలో గొడవ జరుగునది ఎప్పుడును బ్యాటు విషయమై. బ్యాటు గోడకు వ్రేలాడుచుండును, వచ్చినవారందరు చూతురు, తల్లి రోజూ చూచును. "ఆ కర్రకి నాలుగు వేలా?" అనును. నిజమునకు పట్టణపు లెక్కలో బ్యాటు వంతు నూటికి నాలుగు రూపాయలు కూడ లేదు. కాక్‌లును కోర్టు అద్దెయును కలిసి మూడింట రెండు వంతులకు మించి తినివేయుచున్నవి. పల్లె ఆటలో కూడ సగము ఖర్చు కాక్‌లదే. కాక్ ఎవరి కంటను పడదు. విరిగినది మైదానములోనే పారవేయబడును. ఇంటికి వచ్చునది చెమట తడిసిన చొక్కా మాత్రమే.

ఆ కాక్ ఎందుకంత ప్రియమో కూడ తెలిసికొనదగినదే. దానికి 16 ఈకలుండును. మొత్తము బరువు 4.74 గ్రాములకు తగ్గరాదు, 5.50 గ్రాములకు మించరాదు. మేలైనవి పెద్దబాతు రెక్కల ఈకలతో చేయుదురు. అవి అన్నియు ఒకే వైపు రెక్కవై యుండవలెను. లేనియెడల ఎగురునప్పుడు సరిగా తిరగదు. ఒక బాతుకు అందులకు పనికివచ్చు ఈకలు కొన్నియే ఉండును. గాలి పొడిగా ఉన్న దినములలో అవి పెళుసెక్కి విరుగును గనుక ఆడువారు ముందుగా ఆవిరి పట్టుదురు. ఈకలలో ఎక్కువ భాగము చైనా నుండి వచ్చును. 2025లో అక్కడ ఈకలకు కొరత కలుగగా లోకమంతట కాక్‌ల ధరలు బాగుగా పెరిగెను. చైనాలో బాతుల పెంపకము తగ్గినందున మన మండల కేంద్రములో ఒక గుమాస్తా ఇంటి సరుకుల చీటి మారవలసి వచ్చెను. ఇట్టివి తలంచుకొనినప్పుడు లోకము ఎంత చిన్నదో అనిపించును.

ఇప్పుడు అసలు ప్రశ్న. సొమ్ము పోయినది, ఏమియు మిగులలేదు. గేదెను కొనిన పాలు వచ్చును, రేకులు కొనిన ఇల్లు కారదు. ఇరువది రెండు దినముల కూలిని గాలిలోనికి కొట్టివేసిన మనుష్యుడు దుర్వ్యయము చేసినట్లేనా?

మిగులదు గనుక వ్యర్థమని తీర్పు చెప్పువారు బేతనియలో జరిగిన విందును ఒక మారు జ్ఞాపకము చేసికొనవలెను. మరియ పోసిన అత్తరు వెల మూడు వందల దేనారములని అక్కడ లెక్క కట్టబడెను. ద్రాక్షతోటలో పనివారికి యజమానుడు ఒడబడిన దినకూలి ఒక దేనారమని మత్తయి సువార్తలోని ఉపమానమువలన ఎరుగుదుము. కాబట్టి అది మూడు వందల దినముల కూలి. అది ఒక్క సాయంకాలములో నేల మీదికి కారిపోయెను, ఇంటినిండ వాసన తప్ప మరేమియు మిగులలేదు. అయినను ప్రభువు ఆమెను గద్దింపలేదు. ఆటను ఆ అత్తరుతో సమానము చేయుట నా ఉద్దేశము కాదు. ఆమె పోసినది ఆయన నిమిత్తము, మన పిల్లలు కొట్టుచున్నది తమ సంతోషము నిమిత్తము. ఆ కథలో నేను చూపదలచినది ఒక్కటే. అక్కడ బీదల పేరు ఎత్తి, రూపాయి పైసలతో సహా లెక్క చెప్పినవాడు యూదా. సంచి అతని యొద్దనే ఉండెను. ఆ సంచి లెక్క మాత్రము ఆ రాత్రి ఎవరును అడుగలేదు.

ఇక్కడ నేను పెద్దలను కొంచెము నొప్పింపవలసి యున్నది. యౌవనస్థుల ఆట ఖర్చును కూటములో వ్రేళ్ల మీద లెక్కించిన ఒక పెద్ద, తన ఇంట ఓణీల వేడుకకు షామియానా, డీజే, ఫ్లెక్సీలు, మూడు కూరల భోజనము పెట్టి ఎంత చేసిరో ఊరందరు ఎరుగుదురు. దినమునకు రెండు గుట్కా పొట్లములు, నాలుగు టీలు పుచ్చుకొనువాడు ఒక్కొక్కటి పదేసి రూపాయలని లెక్క వేసినను సంవత్సరమునకు రూ. 21,900 అగును. అది పల్లె ఆటకు మూడింతలు దాటినది. అందులో గుట్కా మనుష్యుని నోటికి ఏమి చేయునో క్యాన్సరు ఆసుపత్రికి తోడుపోయిన వారిని అడుగుడి. ఈ ఖర్చులను ఎవరును ప్రశ్నింపరు. ఎందుకనగా అవి అలవాటైన ఖర్చులు, పెద్దవారి ఖర్చులు. ఆట క్రొత్తది, పిల్లవారిది, పైగా అందరికి కనబడు వెలుతురులో నవ్వుచు చేయునది. నవ్వుచు ఖర్చు పెట్టువానిని చూచి మనకు కలుగు చికాకు అంతయు నీతియే అని నేను నమ్మను.

అయితే ఆడువారు చెప్పు సమాధానము కూడ నాకు నచ్చలేదు. అడిగినంతనే వారు ఆరోగ్యము పేరు చెప్పుదురు. షుగరు రాకుండ, బి.పి. రాకుండ ఆడుచున్నామందురు. అది అబద్ధము కాదు, కాని పూర్తి నిజము కాదు. షుగరుకొరకే అయినయెడల కాలువ గట్టు మీద తెల్లవారుజామున ముప్పావు గంట నడిచినను చాలును, గట్టుకు అద్దె లేదు. పగలంతయు వరి మోపులు మోసినవానికి వేరుగా వ్యాయామమే అక్కరలేదు. మా ఎనిమిది మందిలో అట్టివారు ముగ్గురున్నారు, వారే అందరికంటె ముందుగా వచ్చి నెట్టు కట్టుదురు. కావున వారు వచ్చునది వ్యాయామమునకు కాదు, ఆటకు. వరుసగా నలువది మార్లు కాక్ నేల తాకకుండ అటునిటు పోయిన తరువాత నలుగురును ఒక్కసారిగా పెట్టు ఆ కేకకు వత్తురు. ఆ కేకకు తలకు రూ. 6,625 ఇచ్చుచున్నామని వారు తిన్నగా చెప్పవచ్చును. సంతోషమునకు వెల ఇచ్చుట పాపము కాదు. దానికి మందు అని పేరు పెట్టినప్పుడు మాత్రము లెక్క చెడిపోవును. మందు ఖర్చు ఎంతయని ఇంటిలో ఎవరును అడుగరు గదా, ఆ పేరు చాటున ఎంతైనను దాగును.

పిల్లల ఆట విషయములో మరియొక పేరు చాటున్నది. మన తెలుగువారిలో ఈ ఆటకు గొప్ప కీర్తి వచ్చినది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచెను. తన ఇల్లు తాకట్టు పెట్టి హైదరాబాదు గచ్చిబౌలిలో అకాడమీ కట్టెను. అక్కడ ఆడిన సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతము, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యము గెలుచుకొనెను. ఇవి విని, అప్పు చేసి పిల్లలను దూరపు శిక్షణకు పంపుచున్న తండ్రులు నాకు తెలిసిన గ్రామములలోనే ఉన్నారు. ఆ గోపీచంద్ గారే 2025 ఫిబ్రవరిలో, ధనవంతుల ఇంటివారు కానియెడల పిల్లలను ఆటనే జీవనోపాధిగా నమ్ముకొనునట్లు పెట్టవద్దని తల్లిదండ్రులకు బహిరంగముగా చెప్పిరి. ఆయన మాట వారు వినవలెను. వేడుకకు పెట్టిన సొమ్మును పెట్టుబడి అని పిలుచుకొనుట తండ్రికిని మంచిది కాదు, రాకెట్టు పట్టిన ఆ పసిచేతికి అంతకంటె మంచిది కాదు.

ఇప్పటివరకు ఎంత అని చూచితిమి. నా మనస్సున ఎక్కువ బరువైన ప్రశ్న, ఎవరిది అనునది. లెక్క వ్రాసిన కాగితమునకు ఒక ప్రక్క వస్తువుల పేర్లున్నవి, మరియొక ప్రక్క రూపాయలున్నవి. ఎవరి చేతినుండి వచ్చినవి అను మూడవ వరుస ఎవరును గీయలేదు.

మా సంఘములో ఒక తల్లి రెండు గేదెలను మేపి పాల కేంద్రమునకు పాలు పోయును. పదునైదు దినములకొకసారి పాల బిల్లు వచ్చును. కుమారుడు పట్టణములో సెల్ దుకాణమున పనిచేయుచు, వచ్చిన జీతము బండి వాయిదాకును తన ఖర్చులకును సరిపెట్టుకొనును. కుమార్తె తొమ్మిదవ తరగతి. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆమె నాతో ఇట్లనెను: "అయ్యగారండీ, ఆడు ఆడుకుంటే నాకేం బాధ లేదండి. తాగి తిరగట్లేదు, అదే పదేలు. కానండి, పాల డబ్బులు సగం ఆడి కాక్‌లకే పోతన్నాయి. పిల్ల బూట్లు అడిగితే మాత్రం వచ్చే నెల అంటాడండి. ఆ వచ్చే నెల రెండేళ్ల నించీ రావట్లేదండి."

ఆ పిల్ల అడిగినది బడికి పోవు బూట్లు కాదు. ఆమెయును ఆడునది. బడి జట్టులో బాల్ బ్యాడ్మింటన్ ఆడుచు, మండల పోటీకి వట్టి కాళ్లతో పోయి వచ్చినది. ఇంటిలో ఆట ఎవరిది అని అడిగిన, అన్నది అని అందరును చెప్పుదురు. ఆమె ఆడుట బడి పనిలో ఒక భాగము వలె చెల్లిపోయినది. అన్న ఆట మాత్రము ఇంటి ఖర్చైనది. వారెవరును దుర్మార్గులు కారు. ఆ కుమారుడు చెల్లెలిని ప్రేమించునని నేను సాక్ష్యమియ్యగలను, జ్వరము వచ్చినప్పుడు రాత్రివేళ బండి మీద ఆసుపత్రికి తీసికొనిపోయినవాడు అతడే. ఎవరును మూడవ వరుస వ్రాయకపోవుటచేత ఇది జరిగినది. నేను అతనితో మాటలాడితిని. పాల బిల్లులో తన కాక్‌ల వంతు ఎంతో అతనికి తెలియదు. "అమ్మ ఎప్పుడూ చెప్పలేదండి" అనెను. చెప్పకపోవుటయే తల్లుల లక్షణము గదా. తల్లి ఓర్పును ఆదాయముగా జమ కట్టుకొనువారు మన ఇండ్లలో ఎందరున్నారో ఈ ఒక్క ఇంటిని బట్టి ఊహించుకొనవచ్చును.

రూపాయలలో రాని ఖర్చు కూడ ఒకటి ఉన్నది. ఆట ఆరున్నర మొదలు తొమ్మిది వరకు. అది పొయ్యి వెలిగించు వేళ, గేదెలకు గడ్డి వేయు వేళ, పిల్లలకు లెక్కలు చెప్పు వేళ. రెండున్నర గంటల చొప్పున 180 దినములకు 450 గంటలు. పురుషుడు ఆ గంటలు ఆటకు పెట్టినప్పుడు ఆ పనులు నిలిచిపోవు, వేరొకరి నడుము మీదికి మారును. పెండ్లియైన ఆటగాండ్రకు నేనొక మాట చెప్పియున్నాను. వారములో రెండు సాయంకాలములు మీరు పొయ్యి దగ్గర కూర్చుండి, మీ భార్యలను వారికి ఇష్టమైన చోటికి పోనియ్యుడి. వారు షటిల్ ఆడకపోవచ్చును. ప్రక్కింటి అరుగు మీద కూర్చుండి ఊరక మాటలాడుకొనవచ్చును. అదియు ఆటయే. ఇద్దరు ఒప్పుకొనిరి, ఒకడు నవ్వి ఊరకుండెను, తక్కినవారు ఇంకను ఆలోచించుచున్నారు.

ఇక ఆటగాండ్రలోనే నలుగురును సమానులు కారు. ఓడినవారు కాక్‌లు కొనవలెనను ఆచారము అనేక చోట్ల కలదు. జీతము వచ్చువానికి అది సరదా. ఆటో నడుపుకొనువానికి వరుసగా మూడు దినములు ఓడిన ఆ వారపు బియ్యము సగమగును. అట్టివాడు డబ్బు లేదని చెప్పడు. మోకాలు నొప్పి అనును. మా యొద్ద ఒకడు అట్లే అనెను. పది దినములు గట్టు మీద కూర్చుండి ఆట చూచుచుండెను. మోకాలు నొప్పిగలవాడు గట్టు మీద గొంతుకూర్చుండి ఎట్లు చూచుచున్నాడని ఎవరికిని తోచలేదు. చివరకు గమనించినది వారిలో ఒక ఉపాధ్యాయుడు. ఆయన ఏమియు మాటలాడక, ఆ నెలకు రెండు డబ్బాలు తెచ్చి నెట్టు బాది దగ్గర పెట్టి, ఇకమీదట పందెము వద్దు, ఆడితే చాలును అనెను. మరునాడే ఆ మోకాలు బాగయ్యెను. ఆయన పేరు వ్రాసినయెడల ఆయనకు నా మీద కోపము వచ్చును, కావున వ్రాయను. నలుగురిలో నాలుగవవాని సంగతి కనిపెట్టని జట్టు ఎంత చౌకగా ఆడినను అది ఖరీదైన ఆటయే అని నాకు తోచుచున్నది.

ఈ సందర్భమున పాత ఆట జ్ఞాపకము వచ్చుచున్నది. నేను వేదాంత పాఠశాలలో చదువుకొనిన దినములలో మేము ఆడినది బాల్ బ్యాడ్మింటన్. తంజావూరులో పుట్టి దక్షిణ దేశమంతట వ్యాపించిన ఆట అది. పసుపు పచ్చని ఉన్ని బంతి, ప్రక్కకు ఐదుగురు, 24 మీటర్ల పొడవు 12 మీటర్ల వెడల్పు గల మట్టి కోర్టు. 1954లో దానికి అఖిల భారత సమాఖ్య ఏర్పడెను. వరంగల్లు వాస్తవ్యుడైన జె. పిచ్చయ్య గారికి 1970లో ఆ ఆటలోనే అర్జున అవార్డు వచ్చెను. ఒక బంతికి పదిమంది. గాలి వీచినను ఆట ఆగదు. లెక్క వేసినయెడల తలకు పడునది షటిల్‌లో పడుదానిలో చాల కొంచెము. అందుచేత షటిల్ మానివేసి దానికి మరలవలెనని నేను చెప్పను, ఇష్టము లేని ఆటను చౌక అని ఎవరు ఆడుదురు? అయినను మన చర్చి స్థలములో రెండు ఆటలకును చోటున్నది. బడి పిల్లలకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, ఐదు గంటల మొదలు ఆరున్నర వరకు ఆ స్థలము విడిచిపెట్టవలెనని పెద్దలను అడిగితిని. ఒప్పుకొనిరి. మొదటి దినమున తొమ్మిది మంది పిల్లలు వచ్చిరి. పదవ స్థానమున ఆడుటకు బైబిలు స్త్రీగారిని పిలిచిరి, ఆమె చీర కొంగు దోపుకొని చక్కగా ఆడెను.

బూట్ల సంగతి అడుగుదురు. కుమారుడు నెల జీతములో నుండి తెచ్చెను. ఒక అంగుళము పెద్దవి. ముందు గుడ్డ కుక్కి ఆడుచున్నది.

మిగిలినది కరెంటు. ఇంతవరకు ఆట దీపములు చర్చి మీటరు మీదనే వెలుగుచుండెను. 150 వాట్ల దీపములు నాలుగు, రెండున్నర గంటలు. అనగా సాయంకాలమునకు ఒకటిన్నర యూనిట్లు, సంవత్సరమునకు 270 యూనిట్లు. యూనిటు రూ. 7 అనుకొనినను రూ. 1,890. తలకు కరెంటు చందా అని వసూలైనది నెట్టుకును దీపములు మార్చుటకును చెల్లిపోయినది గాని చర్చి పెట్టెకు చేరలేదు. కోశాధికారి గారు ఈ అంకె చదివినప్పుడు ఎనిమిది మందిలో ఒక్కడును తల ఎత్తలేదు. ఆదివారపు సంచిలో పది రూపాయల నోటు మడిచి వేయు ముసలమ్మ, తాను ఎన్నడును చూడని ఆటకు దీపము పట్టుచున్నదని వారికి అంతవరకు తట్టలేదు. పాత బాకీ మూడు నెలలలో తీర్చెదమని ఒప్పుకొనిరి. సబ్‌మీటరు తెప్పించితిమి. ఇంకను బిగింపలేదు. ఎలక్ట్రీషియను ఆ ఎనిమిది మందిలో ఒకడు. ఆట అయిన తరువాత బిగించెదనని రోజూ చెప్పుచున్నాడు.